సగం ధరకు కొన్న హంగేరియన్ మాటలు

హంగేరియన్ భాషను సగం ధరకు కొన్న మనిషి మా గుంటూరు సీమ మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. టీచరమ్మ చెప్పిన ఫీజు విన్నవాళ్ళు కడితే కట్టేవాళ్ళు, లేకపోతే దణ్ణం పెట్టి మెట్లు దిగేవాళ్ళు. నేను ఆ రెండూ చెయ్యలేదు. తానులోంచి జాకెట్టు ముక్క కోయించినట్టు భాషలో నాకు కావలసిన ముక్క కోయించుకుని, మిగతాది ఆవిడకే వదిలేశాను. బేరం చాలా బాగా కుదిరింది. బేరం కుదరడం తప్ప ఆ వ్యవహారంలో నాకు ఇంకేదీ కుదరలేదు.

మాది చిలకలూరిపేటలో పరుపుల కొట్టు. మా తాతలు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన మనుషులు. నాన్న ఆ విల్లు అటక మీద పెట్టి వెనక రేకుల షెడ్డులో మెషీను పెట్టించాడు. స్పిన్నింగు మిల్లుల్లో మిగిలిన దూది బస్తాల్లో కొనుక్కొచ్చి, ఏకి, గుడ్డలో కూరి, దబ్బనంతో కుట్టి అమ్మేవాడు. నేను పెళ్ళి చేసుకుని వెళ్ళి రెండేళ్ళకే తిరిగొచ్చాను. ఆ సంసారం గురించి చెప్పుకోవడానికేమీ లేదు. సరుకు బాగాలేదు, వాపసు ఇచ్చేశాను. అప్పటినుంచి కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నాన్నకు సరుకు తెలుసు, మనుషులు తెలియరు. నాకు మనుషులు తెలుసు, కనీసం వాళ్ళు కొనడానికి వచ్చినప్పుడు. ఇద్దరం కలిసి ఇరవయ్యేళ్ళు లాగించాం.

పోయిన చలికాలం నాన్న పోయాడు. దూది ధూళి ఆయన ఊపిరితిత్తుల్లో ఎన్నాళ్ళుగా చేరిందో, డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూపిస్తే ఏకిన దూది పరిచినట్టే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఆపుకోవడం కాదు, అసలు లోపల ఏమీ లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను, టీలు చెప్పాను, గ్లాసులు లెక్క చూసుకున్నాను. ఎవరో నన్ను చూసి గుండె రాయి చేసుకుంది పాపం అన్నారు. చేసుకోవలసిన అవసరం కూడా నాకు రాలేదు.

నాన్న పేరిట నలభయ్యో రోజు ఫాతిహా చదివించిన మర్నాడు తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కొట్టు మార్చేద్దామని. ఫోము పరుపుల కంపెనీ వాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నాడు. అద్దాల తలుపులు, ఏసీ, లోపల మంచాలు వేసి ఉంటాయి, జనం పడుకుని చూసి కొంటారు. కొట్లో ఎవరుండాలో కూడా కంపెనీయే చెబుతుందట, మాట్లాడటం నేర్పి పంపిస్తుందట.

"ఇప్పుడు దూది పరుపు ఎవడు కొంటున్నాడక్కా? నువ్వే చెప్పు."

చెప్పడానికి ఏముంది, ఎవరూ కొనడం లేదు. గల్లాపెట్టె నా ముందే ఉండేది, నాకు తెలియదా.

"మరి నేనెక్కడ కూర్చోవాలిరా?"

"నువ్వింకా కూర్చోడం దేనికి? ఇంట్లో హాయిగా ఉండు. నీకేం లోటు రానిస్తానా?"

వాడు మంచివాడు. నిజంగానే లోటు రానివ్వడు. నాకు భయం వేసింది అక్కడే. రానివ్వనన్నవాడి ఇంట్లో పొద్దున లేచి ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండా స్నానం చెయ్యడం, జడ వేసుకోవడం, మరదలు వంటింట్లోంచి బయటికొచ్చేదాకా ఆగి అప్పుడు లోపలికి వెళ్ళడం. ఇంకో ఇరవయ్యేళ్ళు.

అట్లాంటి సమయంలో ఫోన్లో కనపడింది ఆ ప్రకటన. హంగేరీలో పాత బట్టలు వేరుచేసే ఫ్యాక్టరీ. ఊళ్ళ నుంచి మూటలు మూటలుగా పాత బట్టలు వస్తాయి. నూలు ఒక పక్క, ఉన్ని ఒక పక్క, ప్లాస్టిక్కు దారంతో నేసినవి ఒక పక్క వేసేవాళ్ళు కావాలి. ఆడవాళ్ళైనా ఫర్వాలేదు, నలభై అయిదు లోపు వయసు. చేత్తో పట్టుకుని గుడ్డ ఏదో చెప్పాలి, దాని పేరు వాళ్ళ భాషలో చెప్పాలి. అదే పరీక్ష. గుంటూరులో ఒకావిడ ఆ భాష నేర్పిస్తుంది, ఇంటర్వ్యూ కూడా ఆవిడ గదిలోనే.

హంగేరీ ఎక్కడుందో ఫోన్లోనే వెతికి చూశాను. సముద్రం కూడా లేదు దానికి. నాకు కావలసింది హంగేరీ కాదు. నిలబడటానికి ఒక బల్ల, దాని మీద చెయ్యి వేస్తే ఎవరూ హాయిగా ఉండమని చెప్పకపోవడం. అది ఎక్కడున్నా నాకు ఒకటే.

గది ఒక మందుల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. టీచరమ్మది ఒంగోలు వైపు, హంగేరీలో కొన్నేళ్ళు ముసలివాళ్ళను చూసుకునే పని చేసి వచ్చింది. గోడకి సిలువ, కిందొక తెల్లబోర్డు. నాకన్నా పదేళ్ళు చిన్నది. ఫీజు చెప్పింది. నేను మొహంలో ఏమీ కనపడనివ్వకుండా పుస్తకం తిరగేశాను. పలకరింపులు, కుటుంబం, గడియారం చూడటం, అడగటం, కృతజ్ఞత చెప్పడం, క్రియలు పేజీలకు పేజీలు. మధ్యలో ఒక పాఠం ఉంది, చుట్టూ ఉండే వస్తువులు దేంతో చేస్తారు అని. బొమ్మలతో సహా. నూలు, ఉన్ని, తోలు, కర్ర, ఇనుము, గాజు, కాగితం.

"ఇదొక్కటి ఇవ్వండి చాలు," అన్నాను.

"భాష అట్లా విడిగా అమ్మరండి."

"జాకెట్టు ముక్క కోసం వచ్చినదానికి తాను మొత్తం అంటగడతారా?"

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక బేరం సగం అయిపోయినట్టే. పొద్దున్నే వచ్చాను, బోణీ బేరం కాదనకూడదన్నాను. మాకు బోణీలు అవీ ఉండవండి అంది. మీకు లేకపోతే మానె, నాకు ఉందిగా అన్నాను. క్రియలు లేకుండా అక్కడ ఎట్లా బతుకుతారని అడిగింది. గుడ్డలతో మాట్లాడేదానికి క్రియలెందుకన్నాను. చివరికి ఆవిడ అలిసిపోయి సగానికి ఒప్పుకుంది. మెట్లు దిగుతుంటే కొన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు నేను కనపడ్డాను. ఫర్వాలేదు, చెయ్యి తిరగడం పోలేదు అనుకున్నాను.

వారానికి రెండుసార్లు బస్సులో వెళ్ళేదాన్ని. మిరపకాయల కాలం. గుంటూరు దగ్గరపడుతుండగా మిర్చి యార్డు వైపు లారీలు బారులు తీరి ఉండేవి, కిటికీలు మూసినా బస్సంతా దగ్గేది. నాన్న పోయాక నా కళ్ళు తడిసింది ఆ బస్సులోనే. అది మిరపకాయల ఖాతాలో వెయ్యాలి, నా ఖాతాలో కాదు.

టీచరమ్మ దగ్గర ఒక అట్టపెట్టె ఉండేది. అందులోంచి ఒక్కొక్క వస్తువు తీసి నా చేతిలో పెట్టి పేరు చెప్పేది. దూది, నూలుగుడ్డ, రెండూ పొముత్. ఉన్ని జ్యొప్యూ. పట్టు షెయెమ్. నార బట్ట లెన్. తోలు బోర్. చెక్క ఫొ. ఇనుము వొష్. గాజు ఉవెగ్. కాగితం పొపీర్. ప్లాస్టిక్కు దారం మ్యూసాల్. వాళ్ళ అకారం నోరు గుండ్రంగా పెట్టి పలకాలట. నేను పలికితే పాన్ నమిలినట్టుంది అనేది. అంత అర్థం కాని భాషకు ఈ మాత్రం పలుకుబడి చాలనేదాన్ని నేను. సగం ఫీజుకి సగం నోరే తెరుస్తానని కూడా అన్నాను. ఆవిడ బోర్డు తుడుచుకుంటూ, మీతో మాట్లాడితే కొట్లో నిలబడ్డట్టుంటుందండి అంది.

ఇంటికొచ్చి అభ్యాసం చేసేదాన్ని. షెడ్డులోకి వెళ్ళి బస్తాలో చెయ్యి పెట్టి పొముత్ అనేదాన్ని. గొళ్ళెం పట్టుకుని వొష్. నాన్న పడుకున్న మంచం పట్టె మీద చెయ్యి వేసి ఫొ.

అది నాకు హాయిగా ఉండేది. ఎందుకో ముందు తెలియలేదు, తర్వాత అర్థమైంది. తెలుగులో ఏ మాటా ఖాళీగా లేదు. దూది అంటే నాన్న కనుబొమ్మల మీద పేరుకున్న తెల్లటి నూగు. ఇనుము అంటే పొద్దున్నే షెడ్డు తలుపు తీసిన చప్పుడు. చెక్క అంటే మంచం, మంచం అంటే చివరి నెల. పొముత్ అంటే ఏమీ లేదు. వొష్ అంటే ఏమీ లేదు. కొట్లో కొత్తగా తెచ్చిన గిన్నెల్లా ఉండేవి ఆ మాటలు, వాటిలో ఎవరూ ఇంకా ఏమీ వండలేదు. వాటితో ఇల్లంతా తిరిగి రావచ్చు, ఎక్కడా ఏదీ తగలదు. నేను నేర్చుకున్నాననుకున్నది భాష. నిజానికి నేను చేసింది ఇంట్లో ఒక్కొక్క వస్తువు మీదా కొత్త చీటీ అంటించడం.

ఒకరోజు తమ్ముడు వాకిట్లో నిలబడి విన్నాడు.

"ఏంటక్కా, గ్లాసుతో ఏదో చెబుతున్నావు?"

"దాని పేరు చెబుతున్నా."

"దానికి తెలీదా?"

అప్పుడు చెప్పాను వాడికి, హంగేరీ సంగతి. నేనేమైనా అన్నానా అని అడిగాడు. మీ మరదలు ఏమైనా అందా అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను. అంటే బాగుండేది, ఒక కారణం ఉండేది. చలికి తట్టుకోలేవక్కా అన్నాడు. పరుపుల కొట్లో పుట్టినదానికి చలేంటిరా అన్నాను. వాడు నవ్వలేదు. అయినా పాస్‌పోర్టు ఆఫీసుకి వాడే బండి మీద తీసుకెళ్ళాడు.

ఇంటర్వ్యూ రోజు టీచరమ్మ లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, నన్ను దాని ముందు కూర్చోబెట్టి, తను పక్కన కుర్చీ వేసుకుంది. మాటలు అటూ ఇటూ చేర్చే పని ఆవిడది. బయట వరండాలో బెంచీ మీద ఇంకో నలుగురు ఉన్నారు. తెర మీద ఒక పెద్దావిడ, మా మేనత్త వయసుంటుంది, బూడిద రంగు స్వెట్టరు, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. టీచరమ్మ నా ముందు గుడ్డముక్కలు ఒక్కొక్కటే వేసింది. చేత్తో పట్టుకోవడం, పేరు చెప్పడం. పొముత్. లెన్. జ్యొప్యూ. మ్యూసాల్. పెద్ద విషయం కాదు, మా కొట్లో పరుపులకు గలేబు గుడ్డ అంటగట్టడానికి వచ్చే ప్రతివాడూ పాలిస్టరు తెచ్చి నూలే అని ఒట్టు వేసేవాడు.

ఒక చొక్కాముక్క దగ్గర మాత్రం ఆగాను. సంచిలోంచి అగ్గిపెట్టె తీసి ఒక పోగు లాగి అంటించాను. టీచరమ్మ బల్ల మీది కాగితాలన్నీ గబగబా ఒళ్ళోకి లాక్కుంది, ఇది అద్దె గదండి అంటూ. నూలు కాలితే వచ్చే కాగితం వాసన వచ్చింది, చివర ప్లాస్టిక్కు కరిగిన చిన్న గట్టిపూస మిగిలింది. పొముత్, మ్యూసాల్ అని రెండు వేళ్ళు పెనవేసి చూపించాను. తెర మీద పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. యో అంది. బాగుంది అని అర్థమట. ఆ మాట నేను కొన్నవాటిలో లేదు, టీచరమ్మ కొసరు వేసింది.

తర్వాత జీతం చెప్పారు. టీచరమ్మ రూపాయల్లోకి మార్చి చెప్పింది. ఉండటానికి గది వాళ్ళదే, వచ్చే నెలలోనే ప్రయాణం. ఆ అంకె విన్నాక చాలా నెలలకి నా లోపల ఏదో కదిలింది. మొద్దుబారిన కాలుని నేల మీద పెడితే సూదులు గుచ్చినట్టుంటుందే, అట్లా. నాకది కావాలి. అంత గట్టిగా ఏదైనా కావాలనిపించి ఎన్నేళ్ళయిందో చెప్పలేను.

కావాలనిపించిందని తెలియగానే నా మొహం దానంతటదే ముడుచుకుపోయింది. అది నేను చేసింది కాదు. మా బజార్లో పిల్లలకు పాలపళ్ళు ఊడకముందే వచ్చే విద్య అది. సరుకు ఎంత నచ్చితే పెదవి అంత విరవాలి.

"ఇంకొంచెం పెంచమనండి," అన్నాను.

"ఇది ఫిక్సుడండి. అందరికీ ఒకటే."

"ఫిక్సుడు రేటు అని మా కొట్లోనూ బోర్డు ఉండేదమ్మా. దాని కింద కూర్చునే బేరాలాడేదాన్ని."

టీచరమ్మ ఏం చెప్పిందో, పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. అప్పుడు నేను లేచాను.

మా దగ్గర బేరం అక్కడిదాకా వస్తే లేవాలి. కొనేవాళ్ళు గుమ్మం దిగి నడుస్తారు, వెనక్కి చూడరు. కొట్టువాడు వాళ్ళను చూడనట్టు గుడ్డ మడత పెట్టుకుంటూ ఉంటాడు. పక్క కొట్టు దాటేలోపు పిలుస్తాడు, ఇటు రామ్మా, నీ మాటా కాదు నా మాటా కాదు అని. దిగడం వాళ్ళ మర్యాద, పిలవడం మన మర్యాద. ఆ రెండూ జరగకుండా ఏదైనా కొంటే ఇంటికెళ్ళాక మోసపోయినట్టుంటుంది. నేను ఎంతమందిని పిలిచి ఉంటానో. లేచి వరండాలోకి వెళ్ళి, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి, బెంచీ మీద వాళ్ళ చెప్పులు చూస్తూ చెవి లోపలికి పెట్టాను.

కాసేపటికి టీచరమ్మ బయటికొచ్చింది.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?"

"పిలిచిందా?"

"ఎవరు?"

"ఆవిడ."

"ఆవిడెందుకు పిలుస్తుందండీ? మీరు లేచి వెళ్ళిపోయారు. వద్దన్నారనుకుంది."

"వద్దనలేదు. లేచానంతే."

"అక్కడ లేచారంటే అయిపోయినట్టేనండి. రండి, ఇంకా లైన్లోనే ఉంది."

వెళ్ళి మళ్ళీ కూర్చున్నాను. పెద్దావిడకు కోపమేమీ లేదు. గుడ్డ చూసినట్టే నన్ను కొంచెంసేపు చూసి ఒక ప్రశ్న అడిగింది. చిన్న ప్రశ్న. టీచరమ్మ నా వైపు తిరిగింది.

"ఉద్యోగం కావాలా, వద్దా అని అడుగుతోందండి. ఒక్క మాట చెప్పండి చాలు."

నోరు తెరిచాను. కావాలి అనేది నేను ఎదుటివాళ్ళ నోటివెంట రప్పించే మాట. అది బయటికొచ్చిన క్షణం ధర మన చేతికొస్తుంది. ఇరవయ్యేళ్ళు ఆ మాట కోసమే గల్లాపెట్టె వెనక కాపు కాశాను. నా నోటి నుంచి అది రావడం నేనెప్పుడూ వినలేదు.

"ఆవిణ్ణి ఇంకొకసారి చూసుకోమనండి. నేనూ ఆలోచిస్తాను."

టీచరమ్మ కదలకుండా నన్నే చూసింది. "అట్లాగే చెప్పమంటారా?"

"చెప్పండి."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దావిడ తల ఊపి, కళ్ళజోడు తీసేసి, ఏదో మర్యాద మాట అంది. బెంచీ మీది వాళ్ళలో ఒకరిని లోపలికి పిలిచారు. నేను గుడ్డముక్కలు సర్ది, కాల్చిన పోగు తాలూకు బూడిద చేత్తో ఎత్తి, బయటికొచ్చాను.

ఆ వారంలోనే కబురొచ్చింది, ఖాళీలు నిండిపోయాయని. టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. మళ్ళీ మనుషుల్ని ఎప్పుడు తీసుకుంటారో తెలియదట, ఈలోపు నాకు వాళ్ళ వయసు హద్దు దాటుతుంది.

"కావాలి అంటే సరిపోయేదండి," అంది.

"ఆ మాట మీరు నేర్పలేదుగా."

"తెలుగులో అన్నా నేను చెప్పేదాన్ని."

ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేసింది. పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను కాసేపు. బాధ వస్తుందేమోనని చూశాను. జీతం విన్నప్పుడు సూదులు గుచ్చినట్టున్నది కూడా పోయింది, కాలు మళ్ళీ మొద్దుబారింది.

కొట్టుకి అద్దాల తలుపులు వచ్చాయి. షెడ్డు ఖాళీ చేశారు, మెషీను పాత ఇనుముకి వెళ్ళింది. కొట్టు తెరిచిన రోజు తమ్ముడు నన్ను తీసుకెళ్ళి ఒక పరుపు మీద కూర్చోబెట్టాడు. ఎట్లా ఉందక్కా అని అడిగాడు. మెత్తగా ఉందిరా అన్నాను. నిజంగానే మెత్తగా ఉంది. బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి నాకు కూడా దాని గుణాలు చెప్పింది. శ్రద్ధగా విన్నాను.

ఇక లెక్క. టీచరమ్మకిచ్చిన సగం ఫీజుకి పూర్తి సరుకు ముట్టింది, అందులో నష్టం లేదు. బస్సు ఆడవాళ్ళకి ఉచితం. పాస్‌పోర్టుకి అయింది పోయినట్టే, అందులో ఒక్క ముద్ర కూడా పడలేదు. జీతంలో నేను అదనంగా ఆశించింది నెలకి రెండు బస్తాల మిల్లు దూది ఖరీదు. దాని కోసం ఇచ్చుకున్నది ఆ బల్ల, దాని ముందు నిలబడే నా మిగిలిన సంవత్సరాలు. ఇంత చెడ్డ బేరం మా బజార్లో ఎవరు చేసినా సాయంత్రం టీ దగ్గర చెప్పుకుని నవ్వుకునేదాన్ని. తమ్ముడి వాటా కింద కొంత వెయ్యవచ్చా అని చూశాను, పడలేదు. వాడు కొట్టు మార్చాడు గానీ నన్ను పొమ్మనలేదు, పోతానంటే ఆపలేదు. టీచరమ్మ మీద వెయ్యడానికీ లేదు, ఒక్క మాటా తేడా లేకుండా చేరవేసింది. స్వెట్టరావిడ నేను లేచొచ్చాక కూడా కావాలా వద్దా అని అడిగింది, మా బజార్లోనైనా పిలుపు అంతే. మొత్తం నా ఖర్చే. జమ వైపు పది పన్నెండు హంగేరియన్ మాటలున్నాయి. పేటలో వాటికి కొనేవాడు లేడు కాబట్టి విలువ కట్టలేదు. మిగిలింది తమ్ముడింట్లో మూడు పూటల అన్నం. వాడు పెడుతున్నాడు, నేను తింటున్నాను, ఇద్దరమూ దాని గురించి మాట్లాడం. దాన్ని జమలో వేస్తే లెక్క కొంచెం బాగుపడుతుంది. ఖర్చులోనే వేశాను.